కళ్ళంలో ఇంగ్లీషు పాఠం

దివుల్‌వెవ,
25 జనవరి 1976

హెండ్రిక్ మామయ్యకు, అమ్మకు నమస్కారాలతో,

ఉద్యోగంలో చేరాను. డింగిరి మెణికె గారని ఒక పెద్దావిడ ఇంట్లో గది ఇచ్చారు. పొద్దున రాగిపిట్టు, రాత్రి రాగిసంకటి. మన వెలిగామ చేపల వాసన ఎప్పుడైనా తగులుతుందేమోనని ముక్కు ఎగబీల్చి చూస్తున్నాను. ఇక్కడ చెరువు చేపలే, వాటికి బురద వాసన.

ఇక అసలు సంగతి. ఈ బడిలో ఇంగ్లీషు చెప్పడానికి వచ్చిన మొదటి మనిషిని నేనే. చేరిన రోజునే పెద్దమాస్టారు తీపి కబురు చెప్పారు. "అమ్మా, ఈ పోస్టు ఏడాదిపాటు పరీక్షకోసం ఇచ్చారు. మే నెలలో ఇన్‌స్పెక్టరు వస్తాడు. పిల్లలు నాలుగు ముక్కలు మాట్లాడితే ఉంచుతాడు, లేకపోతే తీసేస్తాడు. తీసేస్తే మళ్ళీ ఇవ్వరు." ఆయన అంత ప్రశాంతంగా చెప్పారు, ఆ పోస్టు ఎక్కడో చంద్రలోకంలో ఉన్నట్టు.

పిల్లలా, నోరు విప్పరు. బయట ఒకరి జుట్టు ఒకరు పట్టుకుని ఊరంతా వినబడేలా తిట్టుకుంటారు. క్లాసులోకి రాగానే, "నీ పేరేమిటి" అని ఇంగ్లీషులో అడిగితే అందరూ తమ కాలివేళ్ళు చూసుకుంటారు. ఊళ్ళో పెద్ద రైతు హేరత్‌హామి గారి మనవరాలు సుదు మెణికె అని ఒక పిల్ల ఉంది, మహా చురుకైనది. అది కూడా అంతే.

నాకు ఈ పని నిలబడాలి మామయ్యా. ఇది పోతే పెదనాన్నగారి దాల్చినచెక్క కొట్టులో లెక్కలు రాసుకోవడమే నా గతి. పైగా ఈ పిల్లలకు మళ్ళీ ఎవరు చెబుతారు? మీరు బడిలో పలికించేవారే, ఆ వాక్యాలు రాసి పంపండి.

మీ యసవతి

వెలిగామ,
4 ఫిబ్రవరి 1976

చిరంజీవి యసవతికి హెండ్రిక్ మామయ్య దీవెనలు.

రాగిసంకటి ఎముకలకు మంచిది, నసపెట్టకు.

నువ్వు శిక్షణ కాలేజీలో నేర్చుకున్న బొమ్మలూ, పాటలూ, అట్టముక్కలూ ఇప్పుడు ఎందుకు కొరగాకుండా పోయాయో చూశావా? నాలుగు దశాబ్దాలు చెప్పినవాణ్ణి, నా మాట విను. వ్యాకరణం చెవిలోంచి ఎక్కుతుంది. ముందు నువ్వు ఇంగ్లీషులో అను, వాళ్ళు అంటారు. ఆ వెంటనే మన భాషలో అర్థం అను, వాళ్ళు అంటారు. గుసగుసలు పనికిరావు. వీలైతే ఆరుబయటికి తీసుకెళ్ళి గొంతెత్తి పలికించు. గోడల మధ్య పిల్లలకు గొంతు రాదు.

ఉన్నది చెప్పడం ఎవరికైనా వస్తుంది. లేనిదాన్ని లేదని చెప్పగలిగినవాడికే భాష వచ్చినట్టు. అందుకే ఆ రకం వాక్యాలే ఎక్కువ రాశాను. పల్లెటూరి పిల్లలు కదా, వాళ్ళకు తెలిసిన వస్తువులే వాడాను. వడ్లు లేవు. బియ్యం లేవు. చెరువులో నీళ్ళు లేవు. బస్తా ఖాళీ. గేదె రాదు, నాన్న రాడు. విడిగా కాగితం మీద అన్నీ ఉన్నాయి. ఇవి నేను స్వయంగా కూర్చినవి, ఏ పుస్తకంలోనూ దొరకవు.

మీ అమ్మ నీకు కొబ్బరినూనె పంపమంటోంది. సీసా పగిలి ఉత్తరం తడుస్తుందని నేనే వద్దన్నాను. అందుకు నాతో మాట్లాడటం లేదు.

హెండ్రిక్

దివుల్‌వెవ,
3 మార్చి 1976

మామయ్యా,

మాట్లాడారు! నిన్న బడి కప్పు మార్చడానికి గడ్డి పీకేస్తున్నారు, లోపల కూర్చునే వీలు లేదు. పిల్లల్ని తీసుకుని వెతుక్కుంటూ వెళితే పొలాల పక్కన బ్రహ్మాండమైన చోటు దొరికింది. గుండ్రంగా, చదునుగా, ఆవుపేడతో అద్దంలా అలికి ఉంది. మీ కాగితం తీశాను. మొదటి వాక్యం గొణిగారు. రెండోదానికి ఎవడో గట్టిగా అన్నాడు, మూడోదానికి వంతులేసుకుని అరిచారు. వడ్లు లేవు, బస్తా ఖాళీ అని ఇంగ్లీషులో ఒకసారి, మన భాషలో ఒకసారి. చెరువు అవతలి గట్టుకు వినబడి ఉంటుంది. సుదు మెణికె అయితే మధ్యలోకి వెళ్ళి నిలబడి తానే చెప్పించింది. నాకు ఏడుపొచ్చింది. బంగారంలాంటి సలహా ఇచ్చారు.

మరుసటి రోజు: పొద్దున్నే ఈ ఉత్తరం వేద్దామనుకున్నాను, కుదరలేదు. ఊరంతా మీ వాక్యాల గురించే మాట్లాడుకుంటున్నారు. ఇప్పుడు ఎక్కువ రాసే ఓపిక లేదు.

యసవతి

వెలిగామ,
12 మార్చి 1976

నా తల్లీ యసా,

నీ ఉత్తరం పోస్టాఫీసులోనే విప్పి నిలబడి చదివాను. పోస్టుమాస్టరుకీ చదివి వినిపించాను. చేపల మార్కెట్టు దగ్గర నా పాత శిష్యులు ఇద్దరు కనబడితే వాళ్ళకూ చెప్పాను. ఊరంతా మాట్లాడుకుంటున్నారా! రైతుజనం, చూశావా, పట్నంవాళ్ళకంటే గుణం తెలిసినవాళ్ళు. నా ఉద్యోగకాలంలో ఒక్క పెద్దమనిషి కూడా నా వాక్యాలు ఎలా ఉన్నాయని అడిగిన పాపాన పోలేదు.

ఓపిక లేదన్నావు, గొంతు నొప్పెట్టి ఉంటుంది. తిప్పతీగ కషాయం తాగు.

ఉత్సాహం ఆపుకోలేక రెండో విడత రాసేశాను. ఈసారి పోలికలు చేర్చాను. నిరుటికంటే ఈ ఏడు తక్కువ. ఆవు చచ్చిపోయింది. గాదెలో ఎలుకలు తప్ప ఇంకేమీ లేవు. ఇల్లు కాలిపోయింది, ఎవరూ రాలేదు. చివరిది నాకు బాగా నచ్చింది, దానిలో ఒక లయ ఉంది. ఇవి కూడా అదే చోట పలికించు. ఊరి పెద్దల్ని పిలిచి చుట్టూ కూర్చోబెడితే మరీ మంచిది.

సంతోషంతో,
హెండ్రిక్

దివుల్‌వెవ,
20 మార్చి 1976

మామయ్యా,

మీ రెండో విడత చదివి నవ్వాలో ఏడవాలో తెలియక పొయ్యిలో వేశాను. కోప్పడకండి. అది డింగిరి మెణికె గారి కంటబడితే నన్ను గదిలోంచి కూడా పంపేసేవారు.

నేను పిల్లల్ని నిలబెట్టిన చోటు కళ్ళం. హేరత్‌హామి గారిది. కుప్ప నూర్చడానికి ముందు అలికి, ఆరబెట్టి, తప్పుమాట పడకుండా కాపాడుకుంటున్న కళ్ళం. సముద్రం ఒడ్డున పుట్టినదాన్ని, నాకేం తెలుసు? కళ్ళంలో వీళ్ళు లేదనరు, చాలనరు, అయిపోయిందనరు. అసలు మామూలు మాటలే మాట్లాడరు. గేదెను గేదె అనకూడదు, అంబరువా అనాలి. వడ్లకు వేరే మాట, చేటకు వేరే మాట. నేను వెళ్ళి ముప్పైమంది పిల్లల చేత వడ్లు లేవని పదేపదే అరిపించి వచ్చాను. పైగా ఆడవాళ్ళు అందులో కాలు పెట్టకూడదట. నేనూ పెట్టాను, ఆడపిల్లలందరి చేతా పెట్టించాను.

మీకు ఆ సంతోషం ఉత్తరం రాసిన సాయంత్రమే హేరత్‌హామి గారు వచ్చారు. గుమ్మం ఎక్కలేదు, వాకిట్లోనే నిలబడ్డారు.

"టీచరమ్మా, మా కళ్ళంలో నిలబడి ఏం చెప్పించావు?"

"వ్యాకరణం అండీ."

"దాని పేరేదైనా కానీ. రేపు నూర్చేది అక్కడే. ఏడాది తిండి అక్కడే. నా మనవరాలే మధ్యలో నిలబడి అందట, ఊళ్ళో నా మొహం ఎట్టా చూపించను?"

నేనేదో అనబోతే వినకుండా వెళ్ళిపోయారు. మర్నాటినుంచి క్లాసుకు పిల్లలు రావడం లేదు. ఇంగ్లీషు గంట కొట్టగానే లేచి చెరువుకు వెళ్ళిపోతారు. దారిలో ఎదురైతే ఆడవాళ్ళు పలకరించరు. పంట తగ్గిందా అని అడిగాను, ఎవరూ చెప్పరు. తగ్గిందన్న మాట అనకూడదు కదా, ఇంక ఎలా తెలుస్తుంది?

నాకు కోపం వస్తోంది మామయ్యా. వీళ్ళ మీద, నా మీద, మీ మీద కూడా కాస్త. ఆరుబయట అరిపించమన్నది మీరే. ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి ఖాళీ బెంచీలు చూపించాలేమో.

యసవతి

వెలిగామ,
29 మార్చి 1976

యసవతికి,

రెండు రోజులు జవాబు రాయకూడదనుకున్నాను. మీ అమ్మ ఊరుకోలేదు.

ఆరుబయట అన్నాను కానీ కళ్ళంలో అన్నానా? నా వాక్యాల్లో తప్పు చూపించు. ఒక్కటి చూపించు. కర్త కర్తగా ఉంది, క్రియ క్రియగా ఉంది. "లేదు" అన్న మాట లేకుండా ఇంగ్లీషు ఎలా చెబుతారట ఆ హేరత్‌హామి? మనిషికి ఆకలేసినప్పుడు ఏమంటాడట? వ్యాకరణానికి శకునం అంటగట్టిన ఊళ్ళో చదువు మొలవదు. పొయ్యిలో వేశానని ఎంత తేలిగ్గా రాశావు! దానికి నకలు కూడా లేదు నా దగ్గర.

అయినా నీ అవస్థ నాకు అర్థమైంది. నువ్వు నోరు విడిచి అడగకపోయినా నిన్ను అక్కణ్ణుంచి తప్పించమనే కదా ఇదంతా రాశావు. విద్యాశాఖలో నా పాత శిష్యుడొకడు పెద్ద కుర్చీలో ఉన్నాడు. నిన్ననే వెళ్ళి కలిశాను. వెలిగామ పక్కనే ఒక ఆడపిల్లల బడిలో ఖాళీ ఉంది. బదిలీ చేయిస్తానన్నాడు. ఏప్రిల్‌లో కొత్త సంవత్సరం పండక్కి వచ్చేయ్. మీ అమ్మ ఇప్పటికే పండగ పిండివంటలని కెవుములకు పిండి కొట్టిస్తోంది. నీ పెట్టె కూడా తెచ్చేసుకుంటే మళ్ళీ ప్రయాణం ఉండదు.

హెండ్రిక్

దివుల్‌వెవ,
18 ఏప్రిల్ 1976

మామయ్యకు, అమ్మకు కొత్త సంవత్సరం శుభాకాంక్షలు. కెవుములు నా వాటా కూడా మీరే తినండి. నేను రాలేదని అమ్మ అలిగి ఉంటుంది. మీ వాక్యాల విషయం దురుసుగా రాశాను, క్షమించండి. కానీ బదిలీ నేను అడగలేదు. దయచేసి ఆపించండి. ఎందుకో చెబుతాను.

మీ ఉత్తరం అందిన రోజు నిజంగానే పెట్టె సర్దాను. క్షమాపణ చెప్పకుండా వెళ్ళడం బాగుండదని తమలపాకుల కట్ట పట్టుకుని హేరత్‌హామి గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన కళ్ళంలో ఉన్నారు, ఆఖరి కుప్ప నూరుస్తున్నారు. గట్టుమీద కూర్చుని చూడమన్నారు. కళ్ళంలో బూడిదతో పెద్ద వలయం గీసి ఉంది, ఆ గీత దాటి లోపలికి వెళితే కళ్ళం మాటలే. ఆడదాన్ని గట్టుకే పరిమితం చేశారని లోపల మండుతూనే కూర్చున్నాను.

వాళ్ళింటికి కొత్త అల్లుడు వచ్చాడు. పట్నంలో బస్సు కండక్టరట. అతనికి కళ్ళం మాటలు రావు. గేదెల్ని తోలుతూ మాటిమాటికీ నాలిక కరుచుకుంటున్నాడు. గేదె అనేశాడు. నేనైతే అందరూ పగలబడి నవ్వుతారనుకున్నాను, కొత్త అల్లుడు కదా. ఎవరూ నవ్వలేదు. పక్కాయన తన పని తాను చేసుకుంటూ, "అంబరువాను ఇటు తిప్పు" అన్నాడు, అంతే. అల్లుడు ఆ మాట అందుకున్నాడు. మళ్ళీ ఇంకోటి తప్పు, మళ్ళీ అదే తీరు. సాయంత్రానికి అతను ధారాళంగా మాట్లాడుతున్నాడు.

తర్వాత హేరత్‌హామి గారిని అడిగాను, ఎందుకు నవ్వలేదని. "కళ్ళంలో ఎవడన్నా నవ్వుతాడా? గింజ పారిపోదూ? బయట నవ్వుకుంటాం. ఇంటికెళ్ళాక వాడికి ఉంటుందిలే" అన్నారు.

మామయ్యా, నా పిల్లలు ఎందుకు నోరు విప్పలేదో నాకప్పుడు తెలిసింది. ఇంగ్లీషు రాక కాదు, తప్పు పలికితే పక్కవాడు నవ్వుతాడని. ఒక్క తప్పు పలికితే ఏడాదంతా అదే పేరు పెట్టి పిలుస్తారు ఈ గడుగ్గాయలు. గీత దాటగానే వేరే భాషలోకి వెళ్ళడం వీళ్ళ తాతలకు ఎప్పటినుంచో అలవాటే. నేనే చూసుకోలేదు. తమలపాకులు ఇచ్చి తప్పయిందని చెప్పి, మా క్లాసులో కూడా కళ్ళంలోలాగా బూడిదతో వలయం గీసుకుంటాను, అనుమతి ఇవ్వండన్నాను.

మండిపడ్డారు. "కళ్ళమంటే ఆటనుకున్నావా టీచరమ్మా? ఒకసారి చేసింది చాల్లేదా?" అని తమలపాకులు కూడా అక్కడే పెట్టేసి వెళ్ళిపోయారు.

మరునాడు ఇంగ్లీషు గంటకు నేను ఖాళీ గదిలో కూర్చుని ఉంటే ఆయన బుట్టెడు బూడిదతో వచ్చారు. వెనకాల సుదు మెణికె. "నువ్వు గీస్తే వంకరగా గీస్తావు" అని తానే వలయం గీశారు. "ఇది కళ్ళం కాదు, కళ్ళం మర్యాద మాత్రం ఉంటది" అన్నారు. ఆడపిల్లలు వస్తారని ముందే చెప్పాను. "ఇక్కడ నూర్చేది వడ్లు కాదుగా, రానీ" అని మనవరాలినే ముందు లోపలికి పంపారు. ఆయన వచ్చాక ఇంక ఊళ్ళో ఎవరు ఆపుతారు? పండగ వెళ్ళగానే సగంమంది వచ్చారు, ఇంకా వస్తున్నారు. వలయంలో అడుగుపెట్టాక మన భాష లేదు, నవ్వు లేదు. తప్పంటే పక్కవాళ్ళు ఒప్పు అంటారు, సాగిపోతాం. హేరత్‌హామి గారు రోజూ గుమ్మంలో కూర్చుని కాపలా.

పెట్టె విప్పేశాను. నన్ను ఇక్కడే ఉండనివ్వండి.

మీ యసవతి

వెలిగామ,
27 ఏప్రిల్ 1976

యసా,

ఆలస్యమైపోయింది తల్లీ. బదిలీ ఉత్తర్వు మీద సంతకం పడింది, జూన్ మొదటివారంలో నీకు అందుతుంది. నా శిష్యుడు ఫోన్ చేసి మరీ చెప్పాడు, గురుదక్షిణ అని మురిసిపోయాడు. మళ్ళీ వెళ్ళి వద్దంటే ఏమనుకుంటాడు? నన్నడిగితే ఇది కూడా మంచికే. బూడిద గీతలతో ఇన్‌స్పెక్టర్లు ఒప్పుకుంటారని నాకు నమ్మకం లేదు. పోస్టు తీసేస్తే నీకు ఏ బడీ ఉండదు, ఆ కాగితం దగ్గరుంటే కనీసం ఇక్కడి ఆడపిల్లల బడైనా ఉంటుంది. అందుకని ప్రస్తుతానికి ఊరుకున్నాను.

మొన్న మీ అమ్మ వంటింట్లోంచి "తమ్ముడూ, బియ్యం నిండుకున్నాయి, తీసుకురా" అంది. సంచీ పట్టుకుని సగం దూరం వెళ్ళాక వెలిగింది. పుట్టినప్పటినుంచీ మా ఇంట్లో బియ్యం అయిపోయాయని ఎవరూ అనలేదు. నేను ఒక్కణ్ణే లోకమంతా తిరిగినవాడిలా ఆ హేరత్‌హామిని ఆడిపోసుకున్నాను. ఈ మాట నీకు మాత్రమే రాస్తున్నాను, మీ అమ్మకు చెప్పకు.

కొత్త వాక్యాలు రాశాను. అన్నీ ఉన్నవే, వచ్చేవే, పెరిగేవే. రాస్తుంటే చేతికి అలవాటు లేక కలం మొరాయించింది. "లేదు" మాత్రం ఎప్పుడో ఒకప్పుడు నేర్పక తప్పదు, వలయం బయట నిలబెట్టి నేర్పు.

హెండ్రిక్

దివుల్‌వెవ,
16 మే 1976

మామయ్యా,

ఇన్‌స్పెక్టరు వచ్చి వెళ్ళారు. వరసగా చెబుతాను, తొందరపడి చివర చూడకండి.

మంచి మనిషే. సూటు, మెరిసే బూట్లు. వలయం చూసి ఇదేమిటన్నారు, చెప్పాను. చిరునవ్వుతో తలూపి బూట్లతోనే లోపలికి నడిచారు. పిల్లలందరి కళ్ళూ ఆ బూట్ల మీదే. మొదట సుదు మెణికెను లేపి, పొద్దున ఏం తిన్నావని ఇంగ్లీషులో అడిగారు. అది నిటారుగా నిలబడి, నిన్నటి తిండినీ ఇవాళ్టి తిండినీ కలిపి ఒకే వాక్యంలో చెప్పింది. రేపటి తిండి కూడా కలిసిందేమో. ఆయన ఫకాలున నవ్వారు. వెక్కిరింపుగా కాదు, ముద్దుగానే. కానీ పిల్లలు మళ్ళీ కాలివేళ్ళు చూసుకోవడం మొదలుపెట్టారు. ఇంకొకణ్ణి అడిగారు, వాడు పక్కవాడి వెనక్కి జరిగాడు. మరొకణ్ణి అడిగారు, వాడూ అంతే. ఆయన కలం మూత తీశారు. నాలుగు నెలల పనీ పోయిందనుకున్నాను.

అప్పుడు గుమ్మంలోంచి హేరత్‌హామి గారు లేచారు.

"అయ్యా, తమరు పెద్దవారు, ఒక మాట. గీత లోపల నవ్వకూడదండీ. నవ్వొస్తే బయటికెళ్ళి నవ్వి రావాలి. మేమంతా అట్టాగే చేస్తాం."

పెద్దమాస్టారు గోడకు అతుక్కుపోయారు. ఇన్‌స్పెక్టరు మొహం ఎర్రబడింది. ముసలాయన్ని చూశారు, పిల్లల్ని చూశారు, తన బూట్లు చూసుకున్నారు. బయటికి వెళ్ళారు. జీపెక్కి వెళ్ళిపోతారనుకున్నాను. వాకిట్లో నిలబడి బూట్లు విప్పి, మేజోళ్ళు కూడా విప్పి, ఉత్తికాళ్ళతో వచ్చి వలయంలో నేలమీద కూర్చున్నారు. సుదు మెణికెను మళ్ళీ అదే ప్రశ్న అడిగారు. అది మళ్ళీ తప్పే చెప్పింది. ఈసారి ఆయన నవ్వలేదు. కళ్ళంలో పక్కాయన అన్నట్టే, ఊరికే మాటల్లో కలిపి సరైనది అన్నారు. సుదు అందుకుంది. ఆ తర్వాత వద్దన్నా ఆగలేదు మామయ్యా. చేపల గురించి, ఏనుగుల గురించి, వచ్చే పంట గురించి, తప్పులతో, ఒప్పులతో, ఒకరి మీద ఒకరు పడి మాట్లాడారు. గంట కొట్టినా లేవలేదు.

పోస్టు ఉంటుంది. పరీక్షకోసం అన్న మాట కొట్టేసి శాశ్వతమని రాశారు. నా కళ్ళముందే రాశారు.

ఆయన వెళ్ళాక పిల్లలు కూడా ఇళ్ళకు పోయారు. హేరత్‌హామి గారు ఒక్కరే మిగిలారు. అటూ ఇటూ చూసి, తలపాగా తీసి చంకలో పెట్టుకుని, మెల్లిగా వలయంలోకి అడుగుపెట్టారు. గొంతు సవరించుకుని ఇంగ్లీషులో అన్నారు, "పాడీ ఈజ్ మెనీ." వడ్లు చాలా ఉన్నాయని. రోజూ గుమ్మంలో కూర్చుని తనకు తానే కూర్చుకున్న వాక్యం. అని నా మొహం చూశారు. ఆ చూపు నేను చెప్పలేను. అరవై దాటిన మనిషి, పలక పట్టి నిలబడినట్టు నిలబడ్డారు.

నేను సరిచేయాలా వద్దా తేలక ఇలా మీకు రాస్తున్నాను. మీరు చెప్పండి. ఆ బదిలీ సంగతి కూడా చెప్పండి, వేడుకుంటున్నాను.

మీ యసవతి

వెలిగామ,
24 మే 1976

చిరంజీవి యసవతికి,

బదిలీ రద్దయింది. నేనే వెళ్ళి నా శిష్యుడి ముందు నిలబడి, తప్పు నాదేనని చెప్పాను. గురువుగారికి మతి చలించిందని అనుకొని ఉంటాడు, అనుకోనీ. మీ అమ్మ ఒక పూట ఏడ్చి, రెండో పూట నీకు పంపడానికి కెవుములు చేయడం మొదలుపెట్టింది.

ఇప్పుడు హేరత్‌హామి గారి వాక్యం. అది తప్పు. వడ్లకు "మెనీ" అన్న మాట వాడరు. నా క్లాసులో ఎవడైనా అలా అని ఉంటే బెంచీ ఎక్కించేవాణ్ణి. నీ ఉత్తరం చదివాక నిన్నంతా వరండాలో పచార్లు చేస్తూ ఆ వాక్యాన్ని పైకి అనుకుంటూనే ఉన్నాను. పక్కింటివాళ్ళు వచ్చి ఒంట్లో బాగానే ఉందా అని అడిగి వెళ్ళారు.

ఇప్పుడే సరిచేయకు తల్లీ. రేపు మామూలుగా ఏదో మాట్లాడుతూ సరైనది అను, ఆయన చెవిన పడుతుంది. ముందు ఆయన రెండో వాక్యం చెప్పనీ. అదేమిటో నాకు వెంటనే రాయి, ఇంగ్లీషు నేర్పినవాణ్ణి నాకే ఆత్రంగా ఉంది.

హెండ్రిక్ మామయ్య